ఉప్పు మీద యావ, ఆటిజం: చెరువు మట్టం చూడకుండా తీర్పు చెప్పవద్దు

[తెరపై: వంటింటి అరలో ఉప్పు డబ్బా, పక్కనే చిప్స్ ప్యాకెట్]

నమస్కారం. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు తల్లిదండ్రుల మధ్య కొంతకాలంగా ఒక మాట తిరుగుతున్నది. పిల్లవాడు ఉప్పు అదేపనిగా తింటే అది ఆటిజం లక్షణమేనని, ఉప్పు మానిపిస్తే ఆటిజం తగ్గుతుందని ఆ మాట సారాంశం. మొదటి సగం తప్పు. రెండో సగం తప్పే కాదు, కొందరు పిల్లల ప్రాణం మీదికి తెచ్చేది కూడా. ఆటిజం అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పను. ఈ వీడియో వెతుక్కుంటూ వచ్చినవారికి అది నాకంటే బాగా తెలిసి ఉంటుంది. నేరుగా ఉప్పు దగ్గరికే వస్తాను.

మన ఊరి చెరువును తలచుకోండి. పైనుంచి కాలువ ద్వారా నీళ్లు వస్తాయి, కింద తూము ద్వారా పోతాయి, ఆ తూమును ఎంత తెరవాలో నీరటికాడు చూసుకుంటాడు. మన శరీరంలోని ఉప్పు ఆ నీళ్లయితే, మూత్రపిండాలు తూము. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్ నీరటికాడు. చెరువులో మట్టం తగ్గితే అతడు తూము బిగిస్తాడు, నిండితే వదులుతాడు. ఆ నీరటికాడే లేడనుకోండి, తూము రాత్రింబవళ్లు పారుతూనే ఉంటుంది, పైనుంచి ఎంత వచ్చినా చెరువు ఎండుతూనే ఉంటుంది, అందుకే శరీరం ఇంకా ఇంకా ఉప్పు కావాలని అడుగుతుంది. ఇది మొదటి రకం యావ.

రెండో రకంలో చెరువు నిండుగానే ఉంటుంది. కానీ కాలువ నీళ్లు దుంకే చప్పుడు ఒక పిల్లవాడికి ఇష్టం, అందుకని మళ్లీ మళ్లీ షట్టర్ ఎత్తమంటాడు. రోడ్డు మీద పోయేవారికి రెండు చోట్లా ఒకటే దృశ్యం: ఎవరో నీళ్లు అడుగుతున్నారు. ఏది కొరత, ఏది ఇష్టమో తెలియాలంటే చెరువులోకి తొంగి చూడాలి. అంటే రక్తపరీక్ష చేయించాలి. వాట్సాప్‌లో సలహాలిచ్చేవారెవరూ ఈ పని చేయరు.

మొదటి రకం ఎంత ప్రమాదకరమో చూపే వృత్తాంతం ఒకటి ఉన్నది. 1940లో, అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి చెందిన లాసన్ విల్కిన్స్, కర్ట్ రిక్టర్ కలిసి మూడున్నరేళ్ల బాలుడి గురించి రాశారు. ఏడాది వయసు నుంచే ఆ పిల్లవాడు ఉప్పు బిస్కెట్ల మీది ఉప్పును నాకేవాడు, తర్వాత తర్వాత నోట్లో నమిలి ఉప్పంతా పీల్చుకొని పిప్పి ఉమ్మేసేవాడు. మాటలు నేర్చే వయసులో అతనికి తొలుత వచ్చిన కొద్ది పదాల్లో ఉప్పు ఒకటి. వేరే సమస్య కోసం ఆసుపత్రిలో చేర్చినప్పుడు అందరికీ పెట్టే భోజనమే అతనికీ పెట్టారు. ఏడు రోజుల్లో చనిపోయాడు. అడ్రినల్ గ్రంథులు పని చేయడం లేదని ఆ తర్వాత బయటపడింది. ఇంట్లో అన్నాళ్లూ ఆ పసివాడు తన చెరువును తానే నింపుకుంటూ బతికాడు; ఆసుపత్రిలో కాలువ మూశారు, తూము మాత్రం తెరిచే ఉన్నది.

సరిగ్గా మూడేళ్లకు, 1943లో, అదే జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేస్తున్న లియో కానర్ 11 మంది పిల్లల గురించి ప్రచురించిన వ్యాసంతో ఆటిజం ఒక ప్రత్యేక స్థితిగా వైద్యలోకానికి పరిచయమైంది. ఆ పిల్లల్లో పలువురికి పసితనం నుంచే తిండి దగ్గర పేచీలు ఉన్నాయని ఆయన రాశారు. అంతమాత్రాన ఉప్పు యావ ఆటిజం నిర్ధారణలో భాగం కాలేదు, ఇప్పటికీ కాదు. 2013లో వచ్చిన అమెరికా మనోవైద్య సంఘం ప్రమాణాల్లో, శబ్దం, స్పర్శ, వాసన వంటి అనుభూతులకు అతిగానో తక్కువగానో స్పందించడాన్ని లక్షణాల్లో ఒకటిగా చేర్చారు. ఉప్పుకూ ఆటిజానికీ సంబంధం ఉందంటే అది ఈ దారిలోనే, చప్పుడు కోసం షట్టర్ ఎత్తమనే పిల్లవాడి దారిలోనే వెతకాలి.

ఇక్కడ కొంచెం ఆగుతాను, నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. ఆ పిల్లవాడు అడిగేది నిజంగా ఉప్పేనా? 2007లో అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో, ఆటిజం ఉన్నవారు పులుపును గుర్తించడంలో తడబడ్డారు గానీ, ఉప్పును, తీపిని గుర్తించడంలో మిగిలినవారికి తీసిపోలేదు. కాబట్టి నాలుకకు ఉప్పు తెలియక ఎక్కువ తింటున్నారనే వాదన నిలవదు. ఇప్పుడు ఒక చిప్స్ ప్యాకెట్ విప్పి చూడండి. ప్రతి ముక్కా ఒకే మందం, ఒకే కరకర, ఒకే వాసన. సూర్యాపేటలో కొన్నా, వనపర్తిలో కొన్నా తేడా ఉండదు. అదే మన వంకాయ కూర అయితే నిన్న మెత్తగా ఉడికింది, ఈరోజు గింజ పంటికి తగిలింది, రేపు కారం ఎక్కువ కావచ్చు. మార్పును భరించలేని పిల్లవాడు కూరను నెట్టేసి ప్యాకెట్‌ను పట్టుకుంటే, అతడు కోరినది ఆ మారని తనాన్ని. ఉప్పు దాని వెంట వచ్చింది. ఉప్పు లేని పుట్నాలు, మురమురాలు అంతే ఇష్టంగా తింటున్నాడా అని గమనిస్తే చాలావరకు విషయం తేలిపోతుంది. అన్నట్టు, మే నెలలో మన దగ్గర 45 డిగ్రీల ఎండలో ఆడి వచ్చిన ఏ పిల్లవాడైనా ఉప్పు వేసిన మజ్జిగ రెండో గ్లాసు అడుగుతాడు. దానికి ఏ పేరూ పెట్టనక్కరలేదు.

అయితే ఆటిజం ఉన్న పిల్లవాడికి అడ్రినల్ జబ్బు రాకూడదని నియమమేమీ లేదు. అసలు భయం ఇక్కడే ఉన్నది. నీరసంగా ఉందని, కళ్లు తిరుగుతున్నాయని చెప్పడానికి మాటలు లేని పిల్లవాడు ఉప్పు డబ్బా దగ్గరే కూర్చుంటే, "వాడి అలవాటే అంత సార్" అని ఇంట్లోవారు, కొన్నిసార్లు వైద్యులు కూడా, వదిలేస్తారు. బరువు తగ్గడం, తరచుగా వాంతులు, ఎండతో సంబంధం లేకుండా వేళ్ల కణుపుల మీద, చిగుళ్ల మీద చర్మం నల్లబడడం, లేచి నిలబడితే తూలడం: ఉప్పు యావతో పాటు వీటిలో ఏది కనిపించినా వెంటనే సోడియం, పొటాషియం పరీక్షలు, ఉదయం పూట కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథుల నుంచే వచ్చే మరో హార్మోన్) పరీక్ష చేయమని అడగండి. ఫలితం వచ్చేదాకా ఉప్పును ఒక్కసారిగా బంద్ చేయవద్దు. బాల్టిమోర్ పిల్లవాడికి జరిగినది అదే.

సమయం అయిపోతున్నది, మిగిలినవి తొందరగా చెబుతాను. ఉప్పుతో పాటు మట్టి, సుద్ద, పచ్చి బియ్యం కూడా తింటుంటే దానిని పైకా అంటారు; ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ, ఐరన్ లోపంలోనూ కనిపిస్తుంది, కాబట్టి శరీరంలో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించాలి. ఆటిజం ఉన్న పెద్దవారిలో కొందరికి లేచి నిలబడగానే గుండె దడ పట్టుకుంటుంది. ఆ సమస్య నిర్ధారణ అయినవారికి వైద్యులే ఉప్పు పెంచమంటారు. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బుమెటనైడ్ అనే మందు మెదడు కణాల్లోని క్లోరైడ్‌ను (ఉప్పులో సోడియంతో పాటు ఉండేది ఇదే) తగ్గిస్తుందని, దానితో ఆటిజం లక్షణాలు తగ్గవచ్చని 2012లో ఫ్రాన్స్ నుంచి ఆశ పుట్టింది. పెద్ద ప్రయోగాల్లో ఫలితం కనబడక 2021లో వాటిని ఆపేశారు. ఉప్పు మానితే ఆటిజం తగ్గుతుందనే వాదనకు దీనిని సాక్ష్యంగా తెచ్చేవారు మందుల దుకాణానికి, వంటింటికి తేడా మరిచిపోతున్నారు. అయోడిన్ ఉప్పు మానేసి గులాబీ రంగు ఉప్పు కొనమనేవారి మాట అసలే వినవద్దు: అందులోనూ ఉన్నది సోడియమే, లేనిది పిల్లల మెదడుకు కావలసిన అయోడిన్.

చెరువు నిండుగా ఉందని పరీక్షలో తేలినా, దానికీ ఒక మత్తడి హద్దు ఉంటుంది. పెద్దవారికే రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, పిల్లలకు అంతకంటే తక్కువే. చిన్నపిల్లలు చెంచాల కొద్దీ ఉప్పు ఒకేసారి మింగితే ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు గనుక, డబ్బాను చేతికందని అరలో పెట్టండి.

జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్స కేంద్రానికి గాని, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థకు గాని వెళ్లేటప్పుడు, పిల్లవాడు ఏ పూట ఏమి తిన్నాడో, ఉప్పు విడిగా ఎంత తిన్నాడో, నీళ్లు ఎన్నిసార్లు అడిగాడో రాసిన నోట్‌బుక్ ఒకటి వెంట తీసుకుపోండి. "ఉప్పు బాగా తింటడు సార్" అనే ఒక్క మాటతో వైద్యుడికి ఏమీ తెలియదు.