టీనేజ్ పిల్ల నీరసంగా ఉందంటే డాక్టర్ గారిని ఏ టెస్టులు అడగాలి?

అందరికీ నమస్కారం. ఒక అమ్మ పంపిన మెసేజ్ చదువుతాను, పేరూ ఊరూ చెప్పను. "మా పాపకి పదహారేళ్లు, ఇంటర్ చదువుతోంది. ఎప్పుడు చూసినా నిద్ర. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది. నెలసరి వస్తే ఎనిమిది రోజులైనా ఆగట్లేదు. మెట్లెక్కితే ఆయాసం. కాలేజీలో బద్ధకం అంటున్నారు, ఇంట్లో ఫోన్ వల్లే అంటున్నారు. డాక్టర్ గారికి చూపిస్తే టానిక్ రాసి పంపేశారు. థైరాయిడ్, విటమిన్ టెస్టులు చేయించమని మేమే అడగొచ్చా?"

అడగొచ్చమ్మా. తప్పకుండా అడగండి. నేను డాక్టర్‌ని కాదు, ల్యాబ్‌లో పనిచేస్తాను. ఏ మందు వాడాలో నేను చెప్పను. ఏ టెస్టు దేనికి చేస్తారో, రిపోర్టులో ఏం చూడాలో మాత్రం చెప్పగలను.

ముందుగా ఒక మాట. ఓపీలో మీకు దొరికేది నాలుగైదు నిమిషాలు. అందులో "టెస్టులు రాయండి సార్" అంటే కుదరదు. ఇంట్లోనే ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. నీరసం ఎప్పుడు మొదలైంది, నెలసరిలో రోజుకి ఎన్ని ప్యాడ్లు మారుస్తోంది, ఏడాదిలో ఎత్తు పెరిగిందా, బరువు ఎంత మారింది, మలబద్ధకం ఉందా, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉందా, ఇప్పుడు ఏ మాత్రలు వాడుతోంది. ఆ కాగితం చూస్తే ఏ టెస్టు అవసరమో డాక్టర్ గారికే తెలిసిపోతుంది. నెలసరి సంగతి పాపనే చెప్పనివ్వండి. నాన్న ముందు చెప్పలేకపోతే ఆయన్ని కాసేపు బయట కూర్చోమనండి.

ఈ పాప విషయంలో నాకు మొదటి అనుమానం ఐరన్ మీదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అబ్బాయిల్లోనూ 31 శాతం. ఆడపిల్లల్లో సగానికి పైగా ఉన్న జబ్బుకి బద్ధకం అని పేరు పెడుతున్నాం, నాకు కోపం వచ్చేది అక్కడే. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో వారానికోసారి నీలం రంగు ఐరన్ మాత్ర ఇచ్చే పథకం ఉంది. ప్రైవేట్ కాలేజీ హాస్టల్లో ఉన్న పిల్ల దాకా అది రాదు.

సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చూసే పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ తెలుస్తుంది. ఈ వయసు ఆడపిల్లకి 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత. చాలామంది అక్కడితో ఆగిపోతారు. 12.2 వచ్చిందంటే "నార్మలే" అని ఇంటికి వెళ్లిపోతారు. కానీ ఒంట్లో ఐరన్ నిల్వలు ముందు తగ్గుతాయి, హిమోగ్లోబిన్ ఆ తర్వాత పడుతుంది. ఆ నిల్వలు చూపించే టెస్టు ఫెర్రిటిన్. దీన్ని పేరు పెట్టి అడగండి. జ్వరం, ఇన్‌ఫెక్షన్ లేకపోతే 15 కంటే తక్కువ ఉంటే ఐరన్ లోపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొన్ని ల్యాబుల్లో నార్మల్ రేంజ్ 10 నుంచో 13 నుంచో మొదలవుతుంది, అందుకని 14 వచ్చినా రిపోర్టులో గుర్తేమీ పడదు. ఆ అంకె మీరే చూసుకోవాలి. జ్వరంలో ఉండగా చేస్తే ఫెర్రిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, తగ్గాక చేయించండి.

ఐరన్ మాత్రలు రాస్తే టీ, కాఫీతో వేసుకోకూడదు, నిమ్మరసంతో మంచిది. హిమోగ్లోబిన్ పెరగగానే ఆపేయకండి, నిల్వలు నిండడానికి ఇంకో రెండు మూడు నెలలు పడుతుంది. సరిగ్గా వాడినా పెరగకపోతే తలసేమియా ట్రెయిట్ ఉందేమో, ఏజెన్సీ ప్రాంతాల పిల్లలైతే సికిల్ సెల్ ఉందేమో చూడాలి. రెండూ తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తం లోపాలు.

ఇక థైరాయిడ్. ఆ గ్రంథి మందగిస్తే నెలసరి ఎక్కువవుతుంది, దాంతో ఐరన్ పోతుంది. అందుకే ఈ రెండూ కలిపి చూడమంటున్నాను. మలబద్ధకం, చలి తట్టుకోలేకపోవడం, పొడి చర్మం, గొంతు ముందు వాపు, ముఖ్యంగా ఎదిగే వయసులోనే ఎత్తు పెరగడం ఆగిపోవడం ఉంటే ఈ టెస్టు తప్పనిసరి. టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్, ఫ్రీ టీ4, అంటే థైరాయిడ్ తయారుచేసే హార్మోన్, రెండూ అడగండి. టీఎస్‌హెచ్ పెరిగి, ఫ్రీ టీ4 తగ్గితే చికిత్స ఆలస్యం చేయకూడదు. టీఎస్‌హెచ్ 6, 7 వచ్చి ఫ్రీ టీ4 నార్మల్‌గా ఉంటే మాత్రం టెన్షన్ పడొద్దు. కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయిస్తే చాలామంది పిల్లల్లో అదే సర్దుకుంటుంది. అప్పుడు యాంటీ టీపీఓ కూడా చూస్తారు, శరీరమే తన థైరాయిడ్ మీద దాడి చేస్తోందా అన్నది దాంతో తెలుస్తుంది. ఒక్క రిపోర్టు చూసి "జీవితాంతం మాత్ర వేసుకోవాలి, రేపు పెళ్లెలా" అని పాప ముందు ఏడవకండి, దయచేసి.

జుట్టు ఊడుతోందని బయోటిన్ గమ్మీలు కొనిస్తున్నారు కదా, అవి వాడుతూ రక్తం ఇస్తే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు. కనీసం రెండు రోజులు ముందే ఆపి, ల్యాబ్‌లో ఆ సంగతి చెప్పండి. మరొకటి, ఈమధ్య చాలా ఇళ్లలో మామూలు ఉప్పు మానేసి సైంధవ లవణం వాడుతున్నారు. అందులో చాలా రకాలకి అయోడిన్ కలపరు. థైరాయిడ్‌కి కావాల్సిందే అయోడిన్, ప్యాకెట్ మీద ఉందో లేదో చూడండి.

బీ12 మాంసం, చేపలు, గుడ్లు, పాల నుంచే వస్తుంది. శాకాహారులైతే, పాలూ పెరుగూ తినని పిల్లలైతే, పీసీఓడీకి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఈ టెస్టు అడగాల్సిందే. వేళ్ల కణుపులు నల్లబడడం, నాలుక పూయడం, తిమ్మిర్లు దీని గుర్తులు. టానిక్ మొదలుపెట్టక ముందే రక్తం ఇవ్వాలి, తర్వాత ఇస్తే అసలు స్థాయి తెలియదు. విటమిన్ డి సంగతికొస్తే, మెడికల్ షాపులో 60 వేల యూనిట్ల సాషేలు కొని నెలల తరబడి తాగించేవాళ్లున్నారు. శ్రుతి మించితే కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. డాక్టర్ రాసినన్ని వారాలే వాడండి.

ఇంకో హెచ్చరిక. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం ఉంటే ఏ అపాయింట్‌మెంట్ కోసమూ ఆగకండి, అదే రోజు షుగర్ చూపించండి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం ఉంటే టీబీ పరీక్ష చేయించాలి.

ఖర్చు గురించి. "ఫుల్ బాడీ ప్యాకేజీ, 90 టెస్టులు" అనే ప్రకటనలు చూసి మోసపోవద్దు. అందులో కొన్ని ఒక అంకెని ఇంకో అంకెతో భాగించి రాసేవే, వాటినీ టెస్టులుగానే లెక్కేస్తారు. అన్ని ఉన్నా చాలా ప్యాకేజీల్లో ఫెర్రిటిన్ ఉండదు. తెలంగాణలో ఉన్నవాళ్లు ముందు పీహెచ్‌సీకో బస్తీ దవాఖానాకో వెళ్లండి. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ అనే ప్రభుత్వ పథకం కింద సీబీపీ, థైరాయిడ్ లాంటివి ఉచితంగా చేస్తారు. ఆంధ్రాలోనూ ముందు దగ్గర్లోని పీహెచ్‌సీలో అడగండి.

అన్నీ నార్మల్ వస్తే? పాప అబద్ధం చెప్పిందని కాదు. నిద్ర ఎన్ని గంటలు పోతోంది, హాస్టల్లో ఏం తింటోంది, మనసులో ఏముంది అని అడగాలి. డిప్రెషన్ కూడా పిల్లల్లో ఇలా నీరసంగానే కనిపిస్తుంది. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్, నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మెసేజ్ పంపిన అమ్మా, ఎనిమిది రోజుల నెలసరి, మెట్లెక్కితే ఆయాసం అన్నారు. సెలవుల దాకా ఆగకండి, ఈ వారంలోనే తీసుకెళ్లండి. రిపోర్టు వచ్చాక అంకెతో పాటు పక్కనున్న రేంజ్ కూడా రాసి పంపండి. ఏ అంకె దేన్ని చూపిస్తుందో నేను వివరంగా చెబుతాను.