పేపర్ మీద పేరెవరిది? బెంగళూరు స్టూడియోలో చర్చ

(రికార్డింగ్ విని రాసింది. అందరూ ఒకేసారి మాట్లాడిన చోట వినిపించినంతే ఉంది. పాల్గొన్నవారి పేర్లు తీసేశాం.)

యాంకర్: నమస్కారం. ఇక్కడి ఒక యూనివర్సిటీ సైకాలజీ ల్యాబ్‌లో గొడవ మొదలైంది. మారతహళ్లి, కేఆర్ పురం వైపు ఉండే తెలుగు కూలీల్లో డిప్రెషన్ మీద పరిశోధన పేపర్ వచ్చింది. షెడ్డు షెడ్డూ తిరిగి ప్రశ్నలు అడిగిన నలుగురు ఫీల్డ్ అసిస్టెంట్ల పేర్లు అందులో లేవు. ఇది తెలుగువాళ్లకు జరిగిన అన్యాయమేనా? అందరికీ సమానంగా టైమ్ ఇస్తాను. ముందు స్కాలర్ గారు.

స్కాలర్: నేనూ వాళ్లతో ఆరు నెలలు తిరిగాను. జనం ఆదివారాలే దొరికేవాళ్లు. మేం అడిగింది పీహెచ్‌క్యూ-9, అంటే డిప్రెషన్ ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 27. చూడ్డానికి సులువే, కానీ...

మాజీ ప్రొఫెసర్: అదే నేననేది! సులువే. కాగితం పట్టుకెళ్లి టిక్కులు పెట్టించుకొస్తే ఆథర్ అయిపోతారా? ఆలోచన ఎవరిది, విశ్లేషణ ఎవరిది?

స్కాలర్: సార్, ఒక్క నిమిషం...

ప్రొఫెసర్: చూడమ్మా, ముప్పై రెండేళ్లు ల్యాబ్ నడిపినవాణ్ని. ల్యాబ్ అంటే ఉమ్మడి కుటుంబం. పొయ్యి దగ్గర ఉండేవాళ్లుంటారు, పొలానికి పోయేవాళ్లుంటారు. పట్టా మాత్రం పెద్దాయన పేరు మీదే ఉంటుంది.

సైకియాట్రిస్ట్: ఉమ్మడి కుటుంబాలు విడిపోయేది ఆ పట్టా దగ్గరే కదా సార్!

(నవ్వులు. ప్రొఫెసర్ నవ్వలేదు.)

యాంకర్: అమ్మా, ఆ నలుగురూ తెలుగువాళ్లు కాకపోతే పేర్లు వేసేవారా?

స్కాలర్: భాష సంగతి కాదండీ. అసలు పని ఏంటో చెప్పనివ్వండి. మా మొదటి తర్జుమాలో 'నిస్పృహగా ఉంటోందా' అని ఉంది. ఒక మేస్త్రీ 'నిస్పృహా? అది ఏ ఊరమ్మా?' అన్నాడు. కదిరి నుంచి వచ్చిన మా అసిస్టెంట్ వాళ్ల మధ్య కూర్చుని, 'మనసు బాగుండటం లేదా, ఏమీ తోచడం లేదా' అని మార్చింది. దాన్ని వేరేవాళ్లతో మళ్లీ ఇంగ్లిష్‌లోకి రాయించి, అసలుతో సరిచూశాం. ఇది టిక్కులు పెట్టడమా?

ప్రొఫెసర్: దానికి చివర్లో కృతజ్ఞతలు చెబుతారుగా!

స్కాలర్: అదీ చెప్పలేదు. ఇంక తొమ్మిదో ప్రశ్న. చచ్చిపోతే బాగుండును అనిపిస్తోందా అని అడగాలి. ఒక సాయంత్రం ఒకామె అవునంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మా అసిస్టెంట్ వయసు ఇరవై మూడు. ఫారం పక్కన పెట్టి, 14416కి ఫోన్ కలిపి, మాట్లాడటం అయ్యేదాకా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ అసిస్టెంట్‌కి ఇచ్చేది ఫారానికి ఇంత అని. ఆ రోజు ఫారం పూర్తి కాలేదు కాబట్టి...

సైకియాట్రిస్ట్: అది టెలీ మానస్ నంబరు, మానసిక సమస్యలకు ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్. 2022 అక్టోబర్‌లో మొదలైంది, నోడల్ సెంటర్ ఇక్కడి మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్సే. ఆ అమ్మాయి చేసింది సరైన పని. కానీ అలాంటి చోటికి ఒంటరిగా ఎలా పంపారు? ఎథిక్స్ కమిటీ ముందు అడగాల్సింది అదీ...

యాంకర్: మేడమ్, అవతల ఫోన్‌లో తెలుగులోనే మాట్లాడారా?

స్కాలర్: ...మాట్లాడారు.

యాంకర్: మంచిది. హోసూరు నుంచి ఒక కాలర్.

(కాలర్ తన కూతురికి సైకాలజీ డిగ్రీ చేయిస్తే ఉద్యోగం వస్తుందా అని అడిగారు. క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలని ప్రొఫెసర్ చెప్పారు. అంత చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది.)

సైకియాట్రిస్ట్: అసలు విషయానికొద్దాం. 2015లో వంద సైకాలజీ ప్రయోగాల్ని మళ్లీ చేసి చూశారు. మొదట 97 శాతంలో గట్టి ఫలితం వచ్చిందన్నారు, రెండోసారి 36 శాతంలోనే వచ్చింది. దానికి కారణాలు చాలా. కానీ డేటా ఎవరు, ఎలా తెచ్చారో పేపర్‌లో కనబడకపోతే రేపు అనుమానం వచ్చినప్పుడు ఎవర్ని అడుగుతాం?

ప్రొఫెసర్: గైడ్‌ని అడగండి! 1879లో జర్మనీ లైప్‌జిగ్‌లో వుంట్ సైకాలజీ ల్యాబ్ పెట్టాడు, పేరు ఎవరిది మిగిలింది? 1924లో మైసూరులో సైకాలజీ విభాగం మొదలుపెట్టింది ఎం.వి. గోపాలస్వామి. ఇంట్లోనే రేడియో స్టేషన్ నడిపాడు, ఆకాశవాణి పేరు అక్కడిదే. ఎవరి పేరు...

యాంకర్: ఆయన తెలుగువారా సార్?

ప్రొఫెసర్: అదా ఇప్పుడు ప్రశ్న?

స్కాలర్: వుంట్ దగ్గర విద్యార్థులుండేవాళ్లు సార్. మాదీ విద్యార్థుల సంగతే. నాకు జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ ఉంది, నెలకు 37 వేలు. వాళ్లకు...

ప్రొఫెసర్: మా రోజుల్లో ఫెలోషిప్పే దిక్కులేదు! గైడ్ ఇంటికి కూరగాయలు కూడా తెచ్చాం.

(ఇక్కడ ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. 'కూరగాయలు' ఒక్కటే స్పష్టంగా వినిపించింది.)

యాంకర్: టైమ్ అయిపోతోంది. స్కాలర్ గారూ, ఒక్క మాటలో చెప్పండి. ఆ నలుగురు తెలుగు బిడ్డలకు అన్యాయం జరిగినట్టేనా?

స్కాలర్: నలుగురిలో ఒకతను తమిళుడండీ, ధర్మపురి కుర్రాడు. ఆ షెడ్లలో తిరిగే తెలుగు నేర్చుకున్నాడు. వాడి పేరూ లేదు.

యాంకర్: ...సరే. ప్రొఫెసర్ గారు, చివరి రెండు నిమిషాలు మీవి.

ప్రొఫెసర్: నేనేమంటానంటే, కుటుంబం అన్నాక...

(ప్రకటనలు)