పదికో పూస

శ్రోతలకు నమస్కారం.

మా అమ్మకు నేను రెండో కాన్పు. మొదట పుట్టిన మగబిడ్డ పదకొండో రోజున పోయాడు. "నెమ్ము చేసింది, డొక్కలెగరేశాడు, తెల్లారేసరికి లేడు." ఇంట్లో ఆ బిడ్డ గురించి మిగిలినవి ఈ మూడు ముక్కలే. పేరు కూడా లేదు. ఇరవై ఒకటో రోజు వస్తే కదా పేరు పెట్టేది! డాక్టరు ఉండే ఊరు మాకు పదిహేను కిలోమీటర్లు. రాత్రిపూట బస్సు లేదు. బండి కట్టుకుని పోదామంటే వాన. "పట్నంలో పుట్టి ఉంటే బతికేవాడేమో" అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఆ "ఏమో" గురించే ఈ రోజు నాలుగు మాటలు చెబుతాను.

రేడియోలో అంకెలు చెబితే చెవిలో నిలవవని నాకు తెలుసు. అందుకని ముందుగా రెండే చెబుతాను. 2020 నాటి ప్రభుత్వ లెక్కల్లో, పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో ఏడాది నిండకుండానే పోయినవాళ్ళు మన దేశపు పట్నాల్లో 19 మంది, పల్లెల్లో 31 మంది. పట్నంలో 19, పల్లెలో 31. ఎక్కువైన ఆ పన్నెండుమందీ పల్లెలో పుట్టారు. వాళ్ళకూ మిగతావాళ్ళకూ తేడా అదే.

కాళేశ్వరం గుడికి వెళ్ళినవాళ్ళు గోదావరి ఒడ్డున నిలబడి అవతలికి చూసే ఉంటారు. అవతల కనిపించేది సిరోంచ. రాష్ట్రం మహారాష్ట్ర, జిల్లా గడ్చిరోలి. అయినా సిరోంచ బజారులో మీకు తెలుగు వినిపిస్తుంది. ఆ జిల్లాలోనే, ఇంకా పైకి వెళితే, అడవి మధ్య గోండుల ఊళ్ళు. అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు అమెరికాలో ప్రజారోగ్యం చదువుకుని వచ్చి, 1986లో అక్కడ "సెర్చ్" అనే సంస్థ పెట్టారు. వాళ్ళ గురించి చెప్పాల్సింది చాలా ఉంది. టైము తక్కువ కాబట్టి నాకు బాగా ఇష్టమైన ఒక్క సంగతి చెబుతాను. కానీ దానికి ముందు ఇంకో చిన్న సంగతి చెప్పకుండా ఉండలేను.

వాళ్ళు మొదట చేసిన పని ఏమిటంటే, అడగడం. "మీరు ఆసుపత్రికి ఎందుకు రారు?" అని గోండులను అడిగారు. వచ్చిన జవాబులు వినండి. ఆసుపత్రిలో అందరూ తెల్లబట్టలు కట్టుకుని ఉంటారు, మేము తెల్లగుడ్డ కప్పేది శవానికి కదా అన్నారు. మా మనిషిని లోపల పడుకోబెట్టి మమ్మల్ని బయటికి పంపేస్తారు అన్నారు. అక్కడ మా దేవత లేదు అన్నారు. డాక్టర్లు ఆ మాటలను మూఢనమ్మకం అని కొట్టిపారేయలేదు. గోండు పల్లెలాగా గుడిసెలు గుడిసెలుగా ఆసుపత్రి కట్టారు. రోగి పక్కన ఇంటివాళ్ళు ఉండవచ్చు. ఆసుపత్రికి పెట్టిన పేరు వాళ్ళు కొలిచే దంతేశ్వరి తల్లి పేరు. అప్పుడు జనం వచ్చారు. ఇది విన్నప్పుడల్లా నాకు అనిపిస్తుంది, మనం ఎన్ని భవనాలు కట్టాం, ఎంతమందిని ఇలా అడిగాం?

ఇప్పుడు ఆ ఇష్టమైన సంగతి.

1988లో లెక్క తీస్తే, ఆ ఊళ్ళలో వెయ్యిమంది పిల్లల్లో 121 మంది ఏడాదిలోపే పోతున్నారని తేలింది. నెమ్ము, అంటే న్యుమోనియా, చాలామందిని తీసుకుపోతోంది. మందు లేని జబ్బు కాదది. మందు ఉంది, ఖరీదు కూడా కాదు. అయితే అది నెమ్ము అని గుర్తుపట్టేది ఎవరు? జలుబు చేసిన పిల్లలందరికీ నెమ్ము ఉండదు. గుర్తుపట్టడానికి దారి ఒకటుంది. బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టాలి. నెమ్ము ముదిరే కొద్దీ ఊపిరి వడివడిగా వస్తుంది. రెండు నెలల లోపు బిడ్డ అయితే నిమిషానికి అరవై, అంతకు మించి ఉంటే ప్రమాదం.

డాక్టరుకు ఇది ఎంతలో పని? గడియారం చూస్తాడు, లెక్కపెడతాడు. కానీ డాక్టరు ఆ ఊళ్ళో లేడు కదా. ఊళ్ళో ఉన్నది మంత్రసాని. ఆవిడ చదువుకోలేదు. గడియారం చూడటం రాదు. అరవై దాకా లెక్కపెట్టడం రాదు. పది దాకా వచ్చు.

ఇక్కడ ఎవరైనా ఏమనుకుంటారు? ఈవిడతో కాదులే, చదువుకున్నవాళ్ళను వెతుకుదాం అనుకుంటారు. వాళ్ళు అలా అనుకోలేదు. ఆవిడకు పది దాకా వస్తే పదితోనే చేద్దాం అనుకున్నారు. ఒక చిన్న పరికరం తయారుచేశారు. అందులో ఒక నిమిషంలో జారిపోయేంత ఇసుక ఉంది. పక్కన తీగకు గుచ్చిన పూసలు రెండు వరసలు ఉన్నాయి. పై వరస మరీ పసిబిడ్డలకు: అయిదు ఆకుపచ్చ పూసలు, చివర ఒక ఎర్రపూస. కింది వరస కాస్త పెద్దపిల్లలకు: నాలుగు ఆకుపచ్చవి, ఒక ఎర్రది. ఇసుకను తిరగేసి బిడ్డ పొట్ట వైపు చూస్తూ కూర్చోవాలి. పది ఊపిరులు కాగానే ఒక పూస జరపాలి. మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఇంకో పది, ఇంకో పూస. ఇసుక ఇంకా జారుతుండగానే ఎర్రపూస దాకా వచ్చేస్తే, నెమ్ము. అంతే.

పదికో పూస. అరవై లెక్క రాని చేతులు అరవై లెక్కపెట్టాయి. ఆ మంత్రసానులూ, ఊళ్ళో శిక్షణ పొందిన కార్యకర్తలూ నెమ్మును గుర్తుపట్టి, ఇంటి దగ్గరే మందు తాగించారు. పిల్లల చావులు తగ్గాయి. ఎంతగా తగ్గాయో 1990లో లాన్సెట్ వైద్యపత్రికలో అచ్చయింది. కానీ నా మనసులో నిలిచిపోయింది ఆ పత్రిక కాదు. దీపం వెలుగులో ఒకావిడ పసిబిడ్డ పొట్ట మీద చూపు పెట్టి, వేలితో పూస జరపడం నిలిచిపోయింది.

తర్వాత 1995లో వాళ్ళు ఇంకో అడుగు వేశారు. 39 ఊళ్ళలో, కొద్దిగా చదువుకున్న ఊరి ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చారు. వాళ్ళను ఆరోగ్యదూతలు అన్నారు. బాలింత ఇంటికే వెళ్ళి బిడ్డ బరువు తూయడం, వెచ్చగా ఉంచడం, పాలు పట్టే పద్ధతి చూపించడం, ప్రమాదం ముందే పసిగట్టడం వాళ్ళ పని. నెల లోపు బిడ్డల చావులు వెయ్యికి 62 ఉండేవి. మూడేళ్ళకు దాదాపు 25కు దిగాయి. దగ్గరలో పెద్దాసుపత్రి ఏదీ కొత్తగా లేవలేదు.

ఇది గడ్చిరోలి కథే కదా, మనకేమిటి అంటారేమో. మన గుమ్మం దాకా వచ్చిన కథ ఇది. 2011 నుంచి ఇదే పద్ధతిని దేశమంతటా ఆశా కార్యకర్తలకు అప్పగించారు. ఆసుపత్రిలో కాన్పు అయినా సరే, బిడ్డ పుట్టిన మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజు, మొత్తం ఆరుసార్లు ఆశా మీ ఇంటికి రావాలి. ఇంట్లోనే కాన్పు అయితే మొదటి రోజు కూడా రావాలి. నేను పుట్టకముందు పోయిన ఆ బిడ్డ రోజుల్లో ఇది ఉండి ఉంటే, పదకొండో రోజు లోపల కనీసం రెండుసార్లు ఎవరో ఒకరు వచ్చి ఆ పొట్ట మీద చూపు పెట్టేవారు.

అందుకని ఈ రోజు నేను అడిగేది ఒక్కటే. ఆశా వచ్చినప్పుడు "పురిటి గదిలోకి రాకూడదు" అని వాకిట్లోంచే పంపేయకండి. "బిడ్డ బాగానే ఉందిలే" అని సంతకం పెట్టి పంపేయకండి. లోపలికి పిలవండి. బరువు తూయించండి. దిష్టి తగులుతుందని భయపడేవాళ్ళున్నారు, ఆ భయాన్ని నేను తక్కువ చేయను. మా ఇంట్లోనూ ఉంది. ఆమె తూచాక దిష్టి తీసుకోండి, కానీ తూయించండి. బరువు రెండున్నర కిలోల లోపు ఉంటే ఆ బిడ్డను మరింత కనిపెట్టుకుని ఉండాలి. ఊరి చివర ఇళ్ళకూ, తండాలకూ, పనికి వలస పోయి ఇటుక బట్టీల దగ్గర ఉన్నవాళ్ళకూ ఆశా చేరడం కష్టం. అలాంటి చోట బిడ్డ పుట్టిందని మీకు తెలిస్తే, ఆశాకు కబురు మీరే పెట్టండి. ఎవరికి అందడం లేదో వాళ్ళకే ముందు అందాలి.

ఇంకొక్క మాట. ఊపిరి లెక్కపెట్టడం మీరూ నేర్చుకోండి. బిడ్డ ఏడవకుండా, నిమ్మళంగా ఉన్నప్పుడు, చొక్కా పైకెత్తి పొట్ట చూడండి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒక ఊపిరి. ఫోన్లో నిమిషం పెట్టుకోండి. సగం నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయకండి. పసిబిడ్డల ఊపిరి కాసేపు వడిగా, కాసేపు నెమ్మదిగా ఉంటుంది, అందుకే నిమిషమంతా చూడాలి. రెండు నెలల లోపు బిడ్డకు అరవై వస్తే మళ్ళీ ఒకసారి లెక్కపెట్టండి. మళ్ళీ అరవై వస్తే ఆగకండి. డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగడం మానేసినా, ఒళ్ళు చల్లబడినా, కాలినా, ఎత్తుకుంటే సోలిపోయి కదలకపోయినా, లెక్కలు కూడా వద్దు. 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా బిడ్డను తల్లి ఎదకు ఆనించి, పైన దుప్పటి కప్పి, వెచ్చగా ఉంచండి.

ఇంట్లో చంటిబిడ్డ ఉంటే ఈ రాత్రి నిద్రపోయాక ఒకసారి లెక్కపెట్టి చూడండి. పదిపదిగా. చేతిలో పూసలు లేకపోతే చింతగింజలు పెట్టుకోండి.

నమస్కారం.