బ్రష్ మీది రక్తం సంగతి కిడ్నీ డాక్టర్‌కి చెప్పారా?

అందరికీ నమస్కారం.

పొద్దున్నే పళ్లు తోముకుని ఉమ్మితే నురగ ఎర్రగా కనిపిస్తుంది. బ్రష్ గట్టిగా తగిలిందేమోలే అనుకుని నీళ్లు పోసేస్తాం. ఒంటి మీద అగ్గిపెట్టెంత పుండు పడి రోజూ రక్తం కారుతుంటే అలా ఊరుకుంటామా?

అగ్గిపెట్టె అని ఊరికే అనలేదు. నేను చిగుళ్ల డాక్టర్ని. పంటికీ చిగురుకీ మధ్య సందులోకి, మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరం దింపి లోతు చూస్తాను. చిగురు బాగుంటే 3 మిల్లీమీటర్ల లోపే ఆగుతుంది. జబ్బు ముదిరినచోట 6, 7 దాకా దిగిపోతుంది. బయటికి తీసేలోపే రక్తం ఉబికి వస్తుంది. జబ్బు బాగా పాకిన నోట్లో ఈ సందుల లోపలి పుండంతా కలిపితే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్ల దాకా ఉంటుందని అంచనా. చాలామందికి నొప్పి కూడా ఉండదు. సిగరెట్ తాగేవాళ్లకైతే రక్తం కూడా సరిగా కనపడదు.

ఆ పుండులోంచి బాక్టీరియా, వాటి విషాలు రక్తంలోకి చేరుతుంటాయి. వాటితో ఒళ్లు ఏళ్ల తరబడి పోరాడుతూ ఉంటే ఆ వాపు రక్తనాళాల లోపొరను దెబ్బతీస్తుంది. కిడ్నీలో ఉన్నవి ఆ నాళాలే కదా! ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల వడపోత గుత్తులు, ప్రతి గుత్తీ వెంట్రుక కన్నా సన్నని నాళాల చుట్ట.

కిడ్నీ చెడితే నోరూ చెడుతుంది. నీళ్లు కొలుచుకుని తాగాలి కాబట్టి నోరు ఎండుతుంది, క్రిములతో పోరాడే శక్తి తగ్గుతుంది. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ కొందరిలో చిగుళ్లను ఉబ్బిస్తుంది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ పరిశోధకులు 700 మందికి పైగా కిడ్నీ రోగులను పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ల లెక్క ప్రకారం చిగుళ్ల వాపు 10 శాతం పెరిగితే కిడ్నీ పనితీరు 3 శాతం తగ్గుతోంది. కిడ్నీ పనితీరు 10 శాతం తగ్గితే చిగుళ్ల వాపు 25 శాతం పెరుగుతోంది.

చిగుళ్లు బాగుచేయించుకుంటే డయాలసిస్ తప్పుతుందని నేను మాట ఇవ్వను, అది ఇంకా రుజువు కాలేదు. కిడ్నీని ఎక్కువగా దెబ్బతీసేవి షుగర్, బీపీలే. కానీ ఆ పుండు మాన్పగలిగేదే. గార తీసి, సందులు లోతుగా శుభ్రం చేసి, రోజూ పళ్ల మధ్య కూడా తోముకుంటే చాలామందిలో కొన్ని వారాల్లోనే రక్తం తగ్గుతుంది.

నన్ను బాగా బాధపెట్టేది మరొకటి. పంటి నొప్పి అనగానే చేతికందిన ఐబుప్రోఫెనో డైక్లోఫెనాకో వేసేసుకుంటారు. అసలే బలహీనపడ్డ కిడ్నీకి అవి చేటు. కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్షలో మీ క్రియాటినిన్ ఎంతో పళ్ల డాక్టర్‌కి ముందే చెప్పండి. డయాలసిస్‌లో ఉంటే, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ప్రభావం పోయాక, మర్నాడు రండి.

ఈ సభలో కిడ్నీ డాక్టర్లు ఉంటే మీకొక విన్నపం. కిడ్నీ మార్పిడికి ముందు రోగిని ఎలాగూ మా దగ్గరికి పంపుతారు. అప్పటికే కొన్ని పళ్లు వేలితో తాకితే కదులుతుంటాయి, పీకడం తప్ప నేను చేయగలిగింది ఉండదు. మొదటిసారి యూరిన్‌లో ప్రొటీన్ కనపడిన రోజే పంపండి.