పిల్లలతో హార్పర్స్ ఫెర్రీ

అందరికీ నమస్కారం. పిల్లలతో చూసి వచ్చిన ఊరి గురించి మాట్లాడమన్నారు. నేను హార్పర్స్ ఫెర్రీ గురించి చెబుతాను. మనం ఉండే వాషింగ్టన్ పరిసరాల నుంచి ఆ ఊరు దగ్గరే. చాలామంది వెళ్లే ఉంటారు. మేమూ మొదటిసారి కొండెక్కి, ఫొటోలు తీసుకుని వచ్చేశాం.

రెండోసారి ఇండియా నుంచి వచ్చిన మా నాన్నగారిని తీసుకెళ్లాం. షెనండోవా నది పొటోమాక్‌లో కలిసే మొనలో ఉంటుంది ఊరు. జనాభా మూడు వందలు కూడా లేదు. నాన్నగారిది కోనసీమ. నీళ్లు చూడగానే "వరదొస్తే ఎక్కడిదాకా వస్తుందిరా?" అని అడిగారు. అక్కడ ఒక ఇంటి గోడ మీద ఏ వరదకు నీళ్లు ఎంతవరకు వచ్చాయో గుర్తులు పెట్టారు. 1936 నాటి గుర్తు మా అందరి తలలకంటే చాలా పైన ఉంది. ఆయన దాని కిందే నిలబడి 86లో గోదావరి వచ్చిన రాత్రి గురించి మనవళ్లకు చెప్పారు. ఆ కథ నేను కూడా అంత వివరంగా ఎప్పుడూ వినలేదు.

ఆ నీళ్ల బలం చూసే ప్రభుత్వం ఇక్కడ తుపాకుల ఫ్యాక్టరీ పెట్టింది. ఆ తుపాకుల కోసమే 1859 అక్టోబరు 16 రాత్రి జాన్ బ్రౌన్ అనే తెల్లవాడు తన మనుషులతో దాడికి వచ్చాడు. బానిసల చేతికి ఆయుధాలిచ్చి విడిపించాలని అతని పట్టుదల. తనతో కలిపి 22 మంది, అందులో ఐదుగురు నల్లవాళ్లు. కానీ ఆ దాడిలో ముందుగా ప్రాణం పోయింది హేవర్డ్ షెపర్డ్ అనే రైల్వే పనివాడికి. అతను నల్లవాడు, బానిస కూడా కాదు. "వాళ్ల కోసమే కదా వచ్చారు, మరి అతన్నెందుకు చంపారు?" అని మా అమ్మాయి అడిగింది. నా దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పాను.

బ్రౌన్ చివరికి ఫైరింజన్లు పెట్టుకునే చిన్న ఇటుక గదిలో చిక్కుకున్నాడు. రాబర్ట్ లీ అనే సైనికాధికారి ఆధ్వర్యంలో వచ్చిన సైనికులు నిచ్చెనతో తలుపు బద్దలుకొట్టి పట్టుకున్నారు. డిసెంబరు 2న ఉరి తీశారు. ఏడాదిన్నర తిరగకుండానే దేశంలో అంతర్యుద్ధం మొదలైంది. తర్వాత ఆ గదిని విప్పి 1893 షికాగో ప్రదర్శనకు తీసుకెళ్లారు. అక్కడి నుంచి ఒక పొలానికి, పొలం నుంచి కాలేజీకి, 1968లో మళ్లీ కింద ఊళ్లోకి తెచ్చారు. అసలు చోటు రైలుకట్ట కిందకు పోయింది కాబట్టి కాస్త పక్కన నిలబెట్టారు. అది పొలంలో ఉన్నప్పుడు, 1906లో, నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన నాయకుడు డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్, ఆయన తోటివాళ్లు చెప్పుల్లేకుండా నడిచి వెళ్లి చూశారు. ఈ మాట చెప్పగానే నాన్నగారు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్లారు. వెనకే పిల్లలు కూడా.

నన్ను ఇప్పటికీ వదలనిది డేంజర్‌ఫీల్డ్ న్యూబీ కథ. బ్రౌన్ మనుషుల్లో మొదట చనిపోయింది అతనే. తనకు స్వేచ్ఛ దొరికింది, భార్య హ్యారియెట్, పిల్లలు మాత్రం వర్జీనియాలో బానిసలుగానే ఉన్నారు. ఆమె రాసిన ఉత్తరాలు అతని దగ్గర దొరికాయి. యజమానికి డబ్బు అవసరం పడింది, నన్ను అమ్మేస్తాడేమో, తొందరగా వచ్చి కొనుక్కో అని రాసింది. ఒక ఉత్తరంలో పాప ఇవాళే పాకడం మొదలుపెట్టిందని కూడా రాసింది. భార్య భర్తకు ఇంటి కబురు చెప్పినట్టే ఉంటుంది ఆ వాక్యం. అతను చనిపోయాక ఆమెను లూసియానాకు అమ్మేశారు. ఇది మా అమ్మాయికి కారులో చెప్పాను. ఇంటికొచ్చేదాకా ఫోన్ పట్టుకోలేదు.

మీరు వెళ్లేటప్పుడు కారు పైన పార్కింగ్‌లో పెట్టి బస్సులో కిందకు దిగండి. బయలుదేరే ముందు ఇంట్లో ఒకసారి ఆ ఉత్తరాలు చదవండి. చిన్నవే, మూడే ఉన్నాయి.