రామానుజన్ అంటే ఇక్కడ విశేషణం | వెయ్యి చుక్కల వల కట్టి చూద్దాం రండి

నమస్తే అండి. వీడియో కాల్‌లో మావాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "రోజంతా ఆ బోర్డు మీద చుక్కలు పెట్టి గీతలు గీసి ఏం కనిపెడతారు?" ఇవాళ్టి వ్లాగ్ మొత్తం దానికే. పిన్నీ, మీకోసమే ఇది, మధ్యలో ఆపకండి.

వెయ్యి చుక్కలు ఉన్నాయనుకోండి. ప్రతి చుక్కనీ మిగతా అన్నిటితో కలపాలంటే 4,99,500 గీతలు కావాలి. వల గట్టిదే, ఖర్చు మాత్రం చూశారుగా. పోనీ దండలా గుచ్చేద్దామంటే వెయ్యి గీతలతో అయిపోతుంది, కానీ ఎదురెదురుగా రెండు గీతలు కోస్తే చాలు, ఐదువందలు అటు, ఐదువందలు ఇటు. ఇలాంటి చుక్కల వలనే గ్రాఫ్ అంటారు. గీతలు తక్కువే అయినా చీల్చడం కష్టమైన ఎక్స్‌పాండర్ గ్రాఫ్ దగ్గర లెక్క మారిపోతుంది. చుక్కకి మూడే గీతలు, మొత్తం 1,500. పూర్తి వలలో 333వ వంతు. అంత తక్కువతోనే, ఎలా సగానికి చీల్చాలన్నా కనీసం 43 గీతలు కోయక తప్పని వల కట్టొచ్చు. నన్ను ఈ సబ్జెక్టులో కట్టిపడేసింది ఈ 43.

అది ఎక్కడినుంచి వచ్చింది? చీల్చే పద్ధతులన్నీ ఒక్కొక్కటిగా చూడటం అయ్యేపని కాదు. ఒక్కో చుక్క అటో ఇటో, అలా 2 పవర్ 1000 దారులు, అంటే 302 అంకెల సంఖ్య. దానికి బదులు ఒక్క సంఖ్య చూస్తాం. ఏ చుక్కకి ఏ చుక్క పక్కనుందో 1, 0లతో పట్టిక వేస్తే దానికి ఐగెన్‌వాల్యూలు ఉంటాయి, అంటే ఆ పట్టిక నుంచి లెక్కకట్టే ప్రత్యేక సంఖ్యలు. మన వలలో అన్నిటికన్నా పెద్దది ఎప్పుడూ 3. ప్రాణమంతా రెండోదానిలో ఉంది. 3లోంచి దాన్ని తీసేసి సగం చేయండి. చీలికలో చిన్న ముక్కలో ఉన్న ఒక్కో చుక్కకి కనీసం అన్ని గీతలు తెగాలి. దీన్ని చీగర్ అసమానత అంటారు. గ్రాఫ్‌ల రూపంలో 1980ల్లో డోడ్జిక్, అలాన్, మిల్మాన్ నిరూపించారు. రెండో విలువ 2.828 అయితే ఒక్కో చుక్కకి 0.0858. ఐదువందలతో గుణిస్తే 42.9, అంటే 43.

ఇప్పుడు స్క్రీన్ చూడండి, కడదాం. ఒక్కో చుక్కకి మూడు కొసలు, మొత్తం 3,000. బాగా కలిపేసి వరుసగా రెండేసి ముడివేయండి. ఇక్కడే మొదటి తలనొప్పి. కొన్ని చుక్కలు తమకి తామే ముడిపడతాయి, కొన్ని జతల మధ్య రెండు గీతలు పడతాయి. ఏ దోషమూ లేకుండా రావడానికి అవకాశం 13.5 శాతం, సగటున ఏడెనిమిది సార్లు మొదటినుంచి వేయాలి. ఓపిక లేక చెడ్డ గీతలు మాత్రం చెరిపేయకండి. కొన్ని చుక్కలకి రెండే మిగులుతాయి, పై విలువ 3 కాకుండా పోతుంది, మన లెక్క పునాదే కదిలిపోతుంది. చుక్కకి ఎనిమిది గీతలు కావాలంటే ఈ దారి పనికేరాదు, కోటి సార్లు వేస్తే ఒకటో రెండో శుభ్రంగా వస్తాయి. అప్పుడు ఏదో ఒక మామూలు గ్రాఫ్‌తో మొదలుపెట్టి, రెండు గీతలు తీసుకుని వాటి కొసలు మార్చడం, మళ్ళీ మార్చడం, అలా వేల సార్లు.

రెండో విలువ కొలవడం ఇలా. ప్రతి చుక్క మీద ఏదో ఒక సంఖ్య వేయండి. ఒక్కో రౌండులో మూడు పొరుగుల సంఖ్యలు కూడి, తన పాత సంఖ్యకి మూడు రెట్లు కలపాలి. తర్వాత అన్నిటిలోంచీ సగటు తీసేయాలి, ఆపైన సంఖ్యలు పేలిపోకుండా కుదించాలి. సగటు తీయడం ప్రతి రౌండులోనూ చేయాల్సిందే. మొదట్లో ఒకసారి తీసి వదిలేస్తే రౌండింగ్ తప్పులు పోగై ఆ పాత 3 తిరిగొచ్చి కూర్చుంటుంది. చివర్లో, కుదించకముందు, సంఖ్యలు రౌండుకి ఎన్ని రెట్లు పెరుగుతున్నాయో చూసి దానిలోంచి 3 తీసేస్తే మనకు కావలసింది దొరుకుతుంది. తొందరపడి ఆపకండి. ఈ పద్ధతి అసలు విలువకి ఎప్పుడూ కిందినుంచే చేరుతుంది, కాబట్టి ముందే ఆపితే వల ఉన్నదానికన్నా గట్టిగా కనిపిస్తుంది. పొరపాటు మనల్ని మెచ్చుకునే వైపు ఉంటుంది, అదే ప్రమాదం.

ఈ 2.828 ఎక్కడిదని అడగాలి మీరు. గీతలు మూడు కదా, ఒకటి తగ్గించి, వర్గమూలం తీసి, రెట్టింపు చేయండి. చుక్కలు పెరిగేకొద్దీ ఏ వలకైనా రెండో విలువ ఈ హద్దుకి చెప్పుకోదగ్గంత కిందికి దిగలేదని అలాన్, బొప్పనా చూపించారు. పై విలువని పక్కన పెడితే మిగతావన్నీ, రుణసంఖ్యల వైపువి కూడా, ఈ హద్దులోపలే ఉన్న వలకి ఇక్కడ పేరేంటో తెలుసా? రామానుజన్ గ్రాఫ్. "ఇది రామానుజనేనా, కాదా?" అని అడుగుతారండి, మంచిదా కాదా అన్నట్టు. రోజంతా మన మాట ఒక్కటి చెవిన పడని గదిలో ఆ పేరు వినపడితే, లెక్క ఆపి ఒక్క క్షణం అలా ఉండిపోవాలనిపిస్తుంది.

ఆయన గ్రాఫ్‌ల మీద పనిచేయలేదు. 1916లో టౌ అనే ప్రమేయం గురించి ఒక ఊహ చెప్పారు: ప్రధాన సంఖ్య p దగ్గర దాని పరిమాణం, p పవర్ 5.5కి రెండింతలు దాటదని. 2 దగ్గర టౌ విలువ −24, హద్దు 90.5. డెలీన్ 1974లో దీన్ని నిరూపించారు. ఆ కుటుంబానిదే ఇంకో హద్దు, p వర్గమూలానికి రెండింతలు. చుక్కకి p+1 గీతలున్న వలకి మనం పైన చెప్పుకున్నది అచ్చంగా అదే. 1988లో లుబోట్‌స్కీ, ఫిలిప్స్, సార్నక్ ఈ దారిలోనే అలాంటి వలలు కట్టి ఆ పేరు పెట్టారు. మార్గులిస్ విడిగా అక్కడికే చేరారు.

వాళ్ళ పద్ధతిలో ఒకటి కట్టి చూపిస్తాను. 5ని నాలుగు వర్గాల మొత్తంగా రాయండి, మొదటిది ధన బేసి, మిగతావి సరి. 1+4+0+0 ఒక్కటే దారి. ఆ 4 మూడు చోట్లలో ఎక్కడైనా ఉండొచ్చు, దాని మూలం ప్లస్ 2 గానీ మైనస్ 2 గానీ. మొత్తం ఆరు, అంటే చుక్కకి ఆరు గీతలు. ఇప్పుడు 29తో భాగిస్తే వచ్చే శేషాల్లో లెక్క చేస్తాం. 12×12=144, 145కి ఒకటి తక్కువ, కాబట్టి అక్కడ 12 అంటే −1కి వర్గమూలం. 1+2×12=25, 1−2×12=−23, అంటే శేషం 6. అలా ఆరింటిలో ఒకటి కర్ణం మీద 25, 6 ఉన్న మ్యాట్రిక్స్ (రెండు వరుసల్లో రెండేసి అంకెల పట్టిక) అవుతుంది, దాని జోడు 6, 25. ఒక్కో మ్యాట్రిక్స్ ఒక చుక్క. ఐడెంటిటీ (దేనితో గుణించినా దాన్ని మార్చని మ్యాట్రిక్స్) దగ్గర మొదలుపెట్టి ఆరింటితోనూ గుణించుకుంటూ పోతే 12,180 చుక్కలు రావాలి.

మీకు 3,41,040 వచ్చాయా? సరిగ్గా 28 రెట్లు. మ్యాట్రిక్స్‌నీ, దాని గుణిజాలనీ వేరువేరు చుక్కలుగా లెక్కేశారన్నమాట. 25, 6తో వెళ్ళి జోడుతో వెనక్కి వస్తే 150, శేషం 5. బయల్దేరిన చోటికి కాకుండా దాని ఐదు రెట్ల దగ్గర తేలతారు. ప్రతి గుణకారం తర్వాత, సున్నా కాని మొదటి అంకె 1 అయ్యేలా మ్యాట్రిక్స్ మొత్తాన్నీ ఒకే సంఖ్యతో గుణించేయండి, సరిపోతుంది.

మరి ఇందాక గుడ్డిగా ముడివేసిన వల సంగతి? అలాంటివి దాదాపు అన్నీ రామానుజన్ అవుతాయని అలాన్, దాదాపు ఏదీ కాదని సార్నక్ పందెం వేసుకున్నారు. 2024 డిసెంబరులో హువాంగ్, మెకెంజీ, యావ్ తేల్చింది: వలలు పెద్దవయ్యేకొద్దీ సుమారు 69 శాతం. మీ స్క్రీన్ మీద 2.828 దాటిందంటే కొసలు మళ్ళీ కలిపి ఇంకోసారి ముడివేయండి.