మాంటెరే వాళ్ల కార్నె అసాదా మన ఇంట్లో: ఏ ముక్క కొనాలి, ఏ బొగ్గు వాడాలి?

నమస్కారం అండీ, అందరూ బాగున్నారా? ఈరోజు రివ్యూ కార్నె అసాదా. నిప్పుల మీద కాల్చిన బీఫ్‌ను టోర్టియాలో, అంటే ఇక్కడి పల్చటి రొట్టెలో, వేడి వేడిగా చుట్టుకుని తినే భోజనం ఇది. మెక్సికో అంతటా చేస్తారు కానీ ఉత్తరాన ఉన్న సోనోరా, చివావా, నువేవో లియోన్ రాష్ట్రాల్లో దీనికున్న పట్టింపే వేరు. మేముండే మాంటెరే, నువేవో లియోన్ రాజధాని. ఇక్కడ ఆదివారం సాయంత్రం ఏ కాలనీలో నడిచినా ఇంటికో పొగ కనిపిస్తుంది. ఊళ్లో రెండు ఫుట్‌బాల్ టీమ్‌లున్నాయి, తీగ్రెస్, రయాదోస్. ఆ రెండింటికీ మ్యాచ్ ఉన్న రోజు ఇక చెప్పక్కర్లేదు.

ఉద్యోగాల మీద ఇక్కడికి వచ్చిన మన తెలుగువాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే. బయట తిన్న రుచి ఇంట్లో వస్తుందా అని. వస్తుందండీ, నా లెక్కలో ఇంకా బాగా వస్తుంది. కాకపోతే మసాలా డబ్బా తీయకూడదు. మాంసం అనగానే అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి పట్టించి నానబెట్టడం మనకు అలవాటు. ఇక్కడ వాటితో పని లేదు. మంచి ముక్క, మంచి బొగ్గు, కల్లుప్పు, ఈ మూడే. వీడియో మొత్తం ఈ మూడింటి గురించే చెప్తాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇది బీఫ్ వంట. మా ఇంట్లో మా ఆయన, పిల్లలు, నేను తింటాం. మా అత్తయ్యగారు తినరు. అందుకని ఆవిడ కోసం చికెన్, ఉల్లిపాయలు వేరే పొయ్యి మీద, వేరే పటకారుతో కాల్చాం. మీ ఇంట్లోనూ అలాంటి పెద్దవాళ్లుంటే ఒకే జాలీ మీద సర్దుకుందాం అనుకోకండి. చిన్న బొగ్గుల పొయ్యి ఇంకొకటి పెట్టుకుంటే ఆవిడా మనతో పాటే హాయిగా కూర్చుని తింటారు.

ఇక మాంసం. ఇక్కడ మాంసం కొట్టును కార్నిసెరియా అంటారు. కౌంటర్ దగ్గరికెళ్లి కార్నె అసాదాకి అని చెబితే చాలు, ముక్కలు తీసి చూపిస్తారు. మేం మూడు రకాలు తెచ్చాం.

మొదటిది అర్రచేరా. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను చూడండి. పొడవాటి పట్టీలా, వేలెడు మందం కూడా లేదు. పశువు పక్కటెముకల లోపల ఊపిరి తీసుకోవడానికి పనిచేసే డయాఫ్రమ్ కండరం ఇది. పీచు ఎంత స్పష్టంగా కనబడుతోందో చూశారా? పట్టీ వెడల్పు వైపు, ఈ అంచు నుంచి ఆ అంచుకి, చీర కుచ్చిళ్లలా వరసగా ఉంది. ఈ పీచు ఎటు పోతోందో పచ్చిగా ఉన్నప్పుడే గుర్తు పెట్టుకోండి, కోసేటప్పుడు చాలా అవసరం. జీవితాంతం పనిచేసిన కండరం కాబట్టి రుచి బలంగా ఉంటుంది.

రెండోది దియెస్మియో. మెడకూ భుజానికీ దగ్గరి ముక్క. లోపల కొవ్వు తెల్లటి గీతల్లా పాకి ఉంటుంది, కాలేటప్పుడు అది కరిగి మాంసాన్ని ఎండిపోనివ్వదు. అర్రచేరా కంటే ధర బాగా తక్కువ. మూడోది ఆగుహా నోర్తేన్యా, ఎముకతో పాటు కోసిస్తారు. ఎముక పట్టుకుని కొరుక్కు తినడం ఇష్టమైన వాళ్లకి ఇది.

ముందే మసాలా పట్టించి కవర్లో అమ్మే అర్రచేరా కూడా దొరుకుతుంది. తీసుకోకండి. ఉప్పు, సోయా సాస్ దట్టంగా ఉంటాయి, మెత్తబడడానికి వేసే పొడులతో మాంసం నోట్లో పిండిలా అయిపోతుంది. మాంసం రుచి ఎక్కడుందో వెతుక్కోవాలి. మసాలా పట్టించని ముక్కే కావాలని గట్టిగా అడగండి.

ఎంత తేవాలి? తలకి అరకిలో అని ఇక్కడి వాళ్లు అంటుంటారు. మన భోజనానికి పచ్చి మాంసం మనిషికి 300 గ్రాములు సరిపోతుంది. పక్కన తినేవి చాలా ఉంటాయి.

బొగ్గు దగ్గర మాత్రం పొదుపు చేయకండి. ఇక్కడ మెస్కితె అనే చెట్టు బొగ్గుకి మంచి పేరు. ఆ పేరు మీరు వినకపోయినా ఆ జాతి చెట్టును మాత్రం రోజూ చూసే ఉంటారు. మన సర్కారు తుమ్మ ఉంది కదా, రోడ్ల పక్కన, చెరువు గట్ల మీద, పొలం గట్ల మీద కంపలా పెరిగిపోయేది? అది ఈ మెస్కితె కుటుంబమే. దాని పుట్టిల్లు ఈ మెక్సికో వైపే. 19వ శతాబ్దంలో బ్రిటిష్ వాళ్లు మన దేశంలో నాటించారు. మన దగ్గర కూడా దాన్ని కొట్టి బొగ్గు కాల్చి అమ్ముకుని బతికే వాళ్లున్నారు. అంటే ఈ వీడియో ఆంధ్రాలోనో తెలంగాణలోనో చూస్తున్న వాళ్లకి, ఈ వంటకు కావాల్సిన అసలు సరుకు ఊరి పక్కనే ఉంది. చికెన్‌తో చేసుకున్నా సరే, ఆ బొగ్గు మీద ఒకసారి కాల్చి చూడండి.

మెస్కితె బొగ్గుకి వాసన ఎక్కువ, వేడి ఎక్కువ. అంటుకునేటప్పుడు చిటపటమని నిప్పురవ్వలు ఎగురుతాయి. పిల్లల్ని ఆ కాసేపూ దూరంగా ఉంచండి, నైలాన్ బట్టలు వేసుకుని దగ్గరికెళ్లకండి.

అంటించడానికి కిరోసిన్ లాంటివి వద్దు, ఆ వాసన మాంసానికి పట్టేస్తుంది. పేపర్ నాప్కిన్లని వంటనూనెలో తడిపి, బొగ్గుల్ని గుట్టలా పేర్చి, కింద పెట్టి అంటించండి. అట్టముక్కతో విసరండి. అరగంట పైనే పడుతుంది. మంట పూర్తిగా తగ్గి, బొగ్గుల మీద తెల్లటి బూడిద పొర వచ్చేదాకా మాంసం జాలీ మీద వేయొద్దు. మా పక్కింటి పెద్దాయన చూపించిన కొలత ఇది: జాలీకి జానెడు పైన అరచెయ్యి పెట్టాలి. మూడు నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు చెయ్యి తీసేయాల్సి వస్తే వేడి సరిపోయినట్టు. బొగ్గుల్ని ఒక పక్కకి ఎక్కువగా, ఇంకో పక్కకి తక్కువగా సర్దండి. కొవ్వు కారి మంట లేస్తే ముక్కని తక్కువ వేడి వైపు జరపొచ్చు.

జాలీ శుభ్రం చేయడం చూడండి, నాకు చాలా నచ్చిన పని ఇది. ఉల్లిపాయని సగానికి కోసి, ఫోర్క్‌కి గుచ్చి, కోసిన వైపు కాలుతున్న జాలీ మీద గట్టిగా రుద్దాలి. పాత మసి ఊడిపోతుంది. ఆ సుయ్‌మన్న చప్పుడుకి, ఆ వాసనకి ఇంట్లో ఎక్కడున్న వాళ్లైనా పెరట్లోకి వచ్చేస్తారు. తర్వాత చిన్న కొవ్వు ముక్కతో జాలీ అంతా ఒకసారి తుడిస్తే మాంసం అంటుకోదు.

ఇప్పుడు మాంసం. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచాం, టిష్యూతో తడి అద్దేశాం. తడిగా ఉంటే ముందు ఆ నీరు ఆవిరవ్వాలి, ఈలోగా రంగు రాదు. కల్లుప్పు చేత్తో కాస్త ఎత్తు నుంచి చల్లి వెంటనే జాలీ మీద వేసేయాలి. వేశాక కదపకండి, నొక్కకండి. పైభాగం మీద చిన్న చిన్న చెమట బొట్లలా రసం పైకి తేలుతుంది, చూడండి, ఇక్కడ, ఇక్కడ. అదే తిప్పాల్సిన టైమ్. అర్రచేరాకి ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు, దియెస్మియో మందాన్ని బట్టి ఇంకాస్త ఎక్కువ.

లోపల గులాబీ రంగు చూసి మన వాళ్లు రక్తం అంటారు. రక్తం కాదండీ. కండరంలో మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, దాని రంగు కలిసిన నీరు అది. అయినా ఇష్టం లేకపోతే బలవంతం ఏం లేదు. ఇక్కడ సగం కాలినదాన్ని తెర్మినో మెదియో అంటారు, ముప్పావు వంతు కాలినదాన్ని త్రెస్ క్వార్తోస్ అంటారు. మొదటిసారి తినేవాళ్లకి నేను త్రెస్ క్వార్తోస్ చెప్తాను. మధ్యలో కొద్దిగా గులాబీ మిగులుతుంది, రసం పోదు. దాటించి కాలిస్తే అర్రచేరా తోలులా సాగుతుంది, అప్పుడు తప్పు ముక్కది కాదు. చికెన్ మాత్రం లోపలిదాకా పూర్తిగా ఉడకాల్సిందే.

తీశాక ఐదు నిమిషాలు ఆగండి. ఆకలి మీద ఆగడం కష్టమే, కానీ వెంటనే కోస్తే రసమంతా చెక్క మీదికి కారిపోతుంది. ఇప్పుడు ఇందాక గుర్తు పెట్టుకోమన్నాను కదా, పీచు ఎటు పోతోందో? కత్తి దానికి అడ్డంగా రావాలి. ఇదిగో, ఒకే పట్టీలోంచి రెండు ముక్కలు కోశాను. ఇది పీచు వెంట కోసింది, లాగితే తాడులా సాగుతోంది. ఇది అడ్డంగా కోసింది, రెండు వేళ్లతో విరిచినా విడిపోతోంది. ముక్క ఒకటే, బొగ్గు ఒకటే, కత్తి తిప్పిన తీరులోనే ఇంత తేడా. ఎవరైనా అర్రచేరా గట్టిగా ఉంది, బాగాలేదు అంటే ముందు ఎలా కోశారో అడగండి.

పచ్చడి పని మా అమ్మాయిది. టమాటాలు, సెర్రానో మిరపకాయలు, పొట్టు తీయని వెల్లుల్లి, ఉల్లిపాయ ముక్క, అన్నీ నిప్పుల మీద పైన నల్లబడేదాకా కాల్చి, మొల్కహేతె అనే అగ్నిపర్వతపు రాతి రోట్లో ఉప్పేసి నూరడమే. వెల్లుల్లి, ఉప్పు ముందు, మిరపకాయ తర్వాత, టమాటా చివర్న. మిక్సీలో వేయకండి, నురుగు వచ్చి రంగు పాలిపోతుంది. మా అత్తయ్యగారు రుచి చూసి, "మన కాల్చిన టమాటా పచ్చడే కదే, పోపు ఒక్కటే తక్కువ" అన్నారు. టమాటా, మిరపకాయ రెండూ ఈ దేశం వైపు నుంచి మన దగ్గరికి వచ్చినవే కాబట్టి ఆవిడకి కొత్తగా అనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

గడ్డ లావుగా ఉన్న ఉల్లికాడల్ని నిప్పుల అంచున మెత్తబడేదాకా ఉంచి, ఉప్పు, నిమ్మరసం పిండుకోవాలి. నోపాల్ అని నాగజెముడు ఆకు దొరుకుతుంది, ముళ్లు తీసి అమ్ముతారు, అదీ కాల్చుకోవచ్చు. కొంచెం పులుపు, కొంచెం జిగురు, బెండకాయ ఇష్టమైన వాళ్లకి నచ్చుతుంది. అవకాడో నలిపి చేసే గ్వాకమోలె సంగతి అందరికీ తెలిసిందే.

పంది మాంసం తినని వాళ్లున్న ఇళ్లకి రెండు జాగ్రత్తలు. ఉత్తరాన ఎక్కువగా గోధుమ పిండి టోర్టియాలే తింటారు, వాటిలో కొన్నింటికి పంది కొవ్వు కలుపుతారు. కవర్ మీద మాంతేకా దె సెర్దో అని ఉందేమో చూడండి. మాంతేకా వెహెతాల్ అని ఉంటే అది వనస్పతి. మొక్కజొన్న టోర్టియాల్లో మామూలుగా ఈ గొడవ ఉండదు. అలాగే ఫ్రిహోలెస్ చార్రోస్ అనే బీన్స్ కూరలో బేకన్, చోరిసో అనే పంది మాంసం సాసేజ్ వేస్తారు. పప్పు కూరే కదా అని వడ్డించేయకండి. మా అత్తయ్యగారికి బీన్స్ విడిగా ఉడికించి పెట్టాం.

వడ్డన గురించి కూడా చెప్పాలి. అన్నీ సిద్ధం చేసి, టేబుల్ మీద సర్ది, అందరూ ఒకేసారి కూర్చోవడం ఇక్కడ తక్కువ. మొదటి ముక్క దిగగానే నిప్పుల దగ్గరున్న వాళ్ల చేతిలో ఒక టాకో, అంటే మాంసం చుట్టిన టోర్టియా, పడుతుంది. ఇంకో విడత కాలుతూ ఉంటుంది, కబుర్లు నడుస్తూ ఉంటాయి. మా ఆయన బొగ్గులు చూసుకున్నారు, నేను కోశాను, అమ్మాయి నూరింది, బాబు టోర్టియాలు వేడి చేసి గుడ్డలో చుట్టాడు. వంటింట్లో ఒక్కరే చెమటలు కక్కే పని లేదు. ఈ భోజనానికి నేను ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే.

ఇక నా తీర్పు. రుచిలో అర్రచేరా మొదటిది, సందేహం లేదు. కానీ పదిమందిని పిలుస్తున్నారంటే దియెస్మియో తీసుకోండి, కొవ్వు ఉంది కాబట్టి కాస్త ఎక్కువ కాలినా పాడవదు, జేబుకీ బరువు కాదు. మొదటిసారి కాల్చేవాళ్లు కూడా దీంతోనే మొదలుపెట్టండి. ఆగుహా ఎముక దగ్గర అద్భుతంగా ఉంది, పిల్లలకి మాత్రం తినడం కష్టమైంది. చికెన్‌కి ఉప్పుతో పాటు నిమ్మరసం, వెల్లుల్లి పట్టించాం. బాగుంది, కానీ బీఫ్‌కి వచ్చిన ఆ పొగ రుచి దానికి అంతగా రాలేదు. తొడ ముక్కలే తీసుకోండి, రొమ్ము ముక్కలు నిప్పుల మీద ఎండిపోతాయి. గ్యాస్ గ్రిల్ మీద చేయొచ్చా అంటే చేయొచ్చు, తినడానికి బాగానే ఉంటుంది, కానీ దాన్ని నేను కార్నె అసాదా అని రివ్యూ చేయను.

మాంసం మిగిలితే పారేయకండి. ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే సన్నగా తరిగి, పెనం మీద ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటాతో వేయించి రెండు గుడ్లు కొట్టండి. రాత్రి నూరిన పచ్చడి మిగిలి ఉంటే అదీ అందులోనే వేసేయండి. మైక్రోవేవ్‌లో మాత్రం వేడి చేయొద్దు, గట్టిపడిపోతుంది. ముక్కల పేర్లు స్పానిష్‌లో స్క్రీన్ మీద వేస్తున్నాను, ఫొటో తీసుకుని కార్నిసెరియాలో చూపించండి, సరిగ్గా అదే కోసిస్తారు.